ఎయిర్‌బ్యాగు తెరుచుకొననిచో పూచీ ఎవ్వరిది?

హైదరాబాదులో జూబిలీహిల్సు చెక్‌పోస్టు నుండి మాదాపూరు వైపు సాగు 36వ నంబరు రోడ్డు నెరుగని తెలుగువాడరుదు. సినిమాలోకమునకు నిలయమైన ఫిల్మ్ నగరు దానికి సమీపముననే యున్నది. నగల దుకాణములు, ఫలహారశాలలు, వెలగల కార్లను అద్దముల వెనుక నిలిపి చూపు షోరూములు ఆ ప్రాంతమున కొల్లలు. రోడ్డు నడుమ మెట్రో రైలు స్తంభములు బారులు తీరియున్నవి. 2017 మే 10వ తేదీ తెల్లవారకమునుపు, అప్పటి ఆంధ్రప్రదేశ్ పురపాలక మంత్రి పొంగూరు నారాయణగారి కుమారుడును, అతని స్నేహితుడును వచ్చుచున్న మెర్సిడెస్ బెంజి కారు ఆ స్తంభములలో నొకదానిని మహావేగమున ఢీకొనెను. ఇరువురును దుర్మరణము పాలైరి. ఇట్టి వార్త చెవిని బడినప్పుడెల్ల జనుల నోట మొదట వెలువడు ప్రశ్న యొక్కటే. అంతటి బండిలో ఎయిర్‌బ్యాగులుండియు మనుష్యులెట్లు పోయిరి?

వేగము మితిమీరిన సందర్భములలో దీనికి సమాధానము చెప్పుట కష్టము కాదు. మానవ శరీరము కోర్చుకొను శక్తికొక హద్దు గలదు. సంచికిని హద్దు గలదు. కదలని కాంక్రీటు స్తంభమునకు మాత్రము హద్దు లేదు. కాని మేము నేడు ప్రస్తావింపదలచినది మితిమీరిన వేగముతో పోవువారి సంగతి కాదు. ఉచితమైన వేగముతో నడపుచు, బెల్టు ధరించి, బండి ముందుభాగము నుజ్జునుజ్జైనను స్టీరింగులోని సంచి స్టీరింగులోనే నిద్రించుట చూచినవారి సంగతి. అట్టివారు ఫిల్మ్ నగరులో నాయకుల మేడలలో మాత్రమే లేరు. రాత్రి షూటింగు ముగించుకొని వేకువజామున ఇల్లుచేరు ప్రొడక్షను మేనేజర్లును, మేకప్పువారును, కెమెరా సహాయకులును నెలవాయిదాలమీద చిన్న కార్లు కొన్నవారే. వారు కొన్నది బండి మాత్రమే కాదు. షోరూములో సేల్సు కుర్రవాడు వ్రేళ్లు మడచి లెక్కపెట్టి చెప్పిన అభయమును గూడ కొన్నారు. ఆ అభయమునకు వేరుగ రొక్కము చెల్లించిరి. రెండు సంచుల రకమునకు ఒక వెల, ఆరు సంచుల రకమునకు ఇంకొక వెల గదా!

ప్రమాదానంతరము వారు కంపెనీ సర్వీసు సెంటరునకు పోయి అడిగినచో వచ్చు ఉత్తరము దాదాపు ఒకే మూసలో పోసినట్లుండును. "తగిలిన దెబ్బ చాలినంత బలమైనది కాదు, తగిలిన కోణము తగినది కాదు, యంత్రము సక్రమముగనే యున్నది." దవడ యెముక విరిగి, పండ్లూడి, కట్లతో పడియున్నవానికి దెబ్బ చాలలేదని చెప్పుట యెంతటి సాహసము!

అయినను న్యాయము చెప్పవలసివచ్చినపుడు ఉభయపక్షములను వినవలెను. కంపెనీవారి మాటలో కొంత నిజము లేకపోలేదు. బండిలో నమర్చిన సెన్సారులు దాని వేగమెంత హఠాత్తుగా తగ్గినదో కొలిచి, నడుమనున్న చిన్న కంప్యూటరునకు తెలుపును. సంచి తెరువవలసినంతటి దెబ్బయని అది నిర్ణయించినచో ఒక రసాయనము రగిలి వాయువు పుట్టును. సెకండులో 30వ వంతు కాలములో సంచి నిండును. కనురెప్ప వాలునంతలో ముగియు కార్యమిది. గట్టిగోడను గంటకు 20, 25 కిలోమీటర్ల వేగమున ఢీకొన్నపుడు కలుగునంతటి దెబ్బ సాధారణముగా దీనికి హద్దు. వెనుకనుండి తగిలిన దెబ్బకు ముందు సంచి తెరుచుకొనదు. బండి పల్టీ కొట్టినను తెరుచుకొనకపోవచ్చును.

మన రహదారులందు మరియొక అపాయము గలదు. దారిప్రక్కన దీపము లేక నిలిపిన లారీ వెనుకభాగము ఎత్తుగానుండును. కారు ముక్కు దాని క్రిందికి దూరిపోవును. దెబ్బ అడుగునగల ఉక్కు దూలములకు తగులక, మీదుగా అద్దమునకును, అందున్నవారి తలలకును తగులును. సెన్సారునకు సరియైన కబురందులోపుననే ప్రాణము పోవచ్చును. నటుడు రవితేజగారి సోదరుడు భరత్ 2017 జూన్ 24వ తేదీ రాత్రి శంషాబాదు దగ్గర ఔటరు రింగురోడ్డుపై మరణించినది నిలిచియున్న లారీని కారు ఢీకొనుటవలననే. ఇట్టి మరణములకు పూచీ పంచవలసివచ్చినచో లారీని నిలిపినవానికిని, దానిని తొలగింపని రోడ్డు అధికారులకును, మితిమీరిన వేగమునకును వాటాలు పెట్టవలసి యుండును. ఇంతవరకు కంపెనీల పక్షమున చెప్పదగినది చెప్పితిమి.

ఇక రెండవ ప్రక్క చూడుడు. యంత్రము తప్పు చేయదనుట అబద్ధమని కంపెనీలే యొప్పుకొనిన సందర్భములు కలవు. 2023 జనవరిలో మారుతీ సుజుకీ కంపెనీ 17,362 కార్లను వెనుకకు పిలిచినది. వానిలోని ఎయిర్‌బ్యాగు నియంత్రణ యంత్రమున లోపముండవచ్చుననియు, ప్రమాద సమయమున సంచులు తెరుచుకొనకపోవుటయు, బెల్టులు బిగుసుకొనకపోవుటయు సంభవింపవచ్చుననియు తానే ప్రకటించి, ఆ భాగము మార్చునంతవరకు బండి నడుపవద్దని యజమానులకు సలహా నిచ్చినది. అంతకు ముందునెలలో, అనగా 2022 డిసెంబరులో, ముందుసీట్ల బెల్టులను భుజమునకు సరిపెట్టు భాగమున లోపమున్నదని అదే కంపెనీ 9,125 కార్లను పిలిపించెను. ఇట్లు బహిరంగముగా ప్రకటించుట మెచ్చదగిన పని. కాని దీనినుండి మనము గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. సంచి తెరుచుకొననపుడు, దెబ్బ చాలకపోవుట యొక్కటే కారణమని ముందుగానే తీర్పు చెప్పుటకు వీలులేదు. యంత్రలోపము గూడ కారణము కావచ్చును. రెండింటిలో ఏది యథార్థమో పరీక్షించి తేల్చవలెను. ఆ పరీక్ష నెవ్వరు చేయుచున్నారు?

కంపెనీయే చేయుచున్నది! సమస్త వివాదమునకును మూలమిదియే. ప్రమాద క్షణమున బండి వేగమెంత, బ్రేకు వేసిరా లేదా, బెల్టు తాళములో నున్నదా లేదా, సంచికి ఆజ్ఞ వెళ్లినదా లేదా అను వివరములను అనేక నవీన వాహనములలో సంచిని శాసించు కంప్యూటరే తన జ్ఞాపకమున నిలుపుకొనును. బండి యజమానిది. కంప్యూటరు యజమానిది. గాయపడిన దేహము యజమానిది. అందలి వ్రాత మాత్రము కంపెనీ సాధనములతో, కంపెనీ మనుష్యులు చదివి చెప్పవలసినదే. ముద్దాయి తనపై నేరమును తానే విచారించి, తానే తీర్పు వ్రాసి, నకలైన నీయకుండుటను ఏ పంచాయతీలోనైన చూచితిమా? అమెరికాలో 2015లో చేసిన చట్టము ప్రకారము ఈ వ్రాత వాహన యజమానిది, లేక అద్దెకు తీసికొన్నవానిది. వాని యనుమతిలేక, లేదా న్యాయస్థానపు ఉత్తరువు వంటి కొలది కారణములు లేక ఇతరులు దానిని చదువరాదు. అదే కంపెనీల బండ్లు అచట నొక ధర్మమును, ఇచట నొక ధర్మమును పాటింపనేల?

ఈ రెండు ధర్మముల సంగతి మనకు కొత్తది కాదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశమున అమ్ముచున్న 5 చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డునకు గుద్దించి చూడగా అయిదింటికిని సున్న మార్కులు వచ్చెను. వానిలో ఫోక్స్‌వాగన్ పోలో యొకటి. సంచులు లేని ఆ రకమునకు సున్న. రెండు సంచులుంచిన అదే బండికి నాలుగు నక్షత్రములు. అనగా భారతీయుని ప్రాణరక్షణకు కావలసిన విద్య కంపెనీకి తెలియక కాదు. అడుగువాడు లేక. ఆ అవమానము తరువాత మార్పు వచ్చినది. 2018లో మన టాటా నెక్సాను అయిదు నక్షత్రములు పొందినది. డ్రైవరు సంచి 2019 జూలైనుండి కొత్త బండ్లన్నిటికిని విధియైనది. 2023 అక్టోబరునుండి భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత పరీక్ష వాడుకలోనికి వచ్చినది. అయితే ఆరు సంచులను విధిగా నుంచవలెనని 2022 జనవరిలో ముసాయిదా ప్రకటించిన కేంద్ర ప్రభుత్వము, ఒక సంవత్సరము వాయిదావేసి, 2023 సెప్టెంబరులో ఆ విధి అక్కరలేదని విరమించుకొనెను. సంచుల లెక్క పెరుగుట మంచిదే. కాని ఉన్న రెండు సంచులు వేళకు తెరుచుకొనవలెనను నిశ్చయమే లేనపుడు లెక్కతో నేమి పని?

ఈ సందర్భమున మన సుప్రీముకోర్టు 2022 ఏప్రిల్ 20వ తేదీని ఇచ్చిన తీర్పును ప్రతి కారు యజమానియు తెలిసికొని యుండదగును. ఒకరు 2015లో హ్యుందాయ్ క్రెటా కారును కొనిరి. 2017 నవంబరులో ఢిల్లీ–పానిపట్టు రహదారిమీద ప్రమాదము జరిగి బండికి గొప్ప నష్టము కలిగెను. యజమానికి తలకును, రొమ్మునకును, పండ్లకును గాయములయ్యెను. సంచులు తెరుచుకొనలేదు. ఢిల్లీ రాష్ట్ర వినియోగదారుల కమిషను వైద్యపు ఖర్చులకును ఆదాయ నష్టమునకును 2 లక్షలు, మనోవేదనకు 50 వేలు, వ్యాజ్యపు ఖర్చులకు 50 వేలు ఇప్పించి, బండిని మార్చి ఇమ్మని ఉత్తరువు చేసెను. జాతీయ కమిషను దానిని స్థిరపరచెను. కంపెనీ సుప్రీముకోర్టునకు పోయి, ముందువైపునుండి చాలినంత బలమైన దెబ్బ తగిలినగాని సంచి తెరుచుకొనదను పాతపాటనే పాడెను. న్యాయమూర్తులు వినీత్ శరణ్, అనిరుద్ధ బోసుగార్లు దాని నంగీకరింపలేదు. కారు కొనువాడు వేగమును, బలమును లెక్కగట్టగల భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని వారు స్పష్టపరచిరి. బండి ముందుభాగము పాడైన తీరే సంచి తెరుచుకొనవలసిన దెబ్బయని చాటుచున్నదనిరి. వివేకముగల కొనుగోలుదారుడు ఆశించు రక్షణ నీయలేని సంచిని అమ్మినవారిపై శిక్షాత్మకమైన పరిహారము సయితము విధింపదగునని గూడ సూచించిరి.

ఇంతటి తీర్పు చేతనుండియు మనవారు మిన్నకుండుటకు కారణములు లేకపోలేదు. ప్రమాదము 2017లో, తుది తీర్పు 2022లో. అన్ని యేండ్లు కోర్టుల చుట్టు తిరుగుటకు ఓపికయు, స్థితియు ఎందరికుండును? అంతకంటె పెద్ద చిక్కు సాక్ష్యము నిలువకపోవుట. బండి నుజ్జైన కొలది దినములకే బీమావారు వచ్చి, మరమ్మతు గిట్టదని నిర్ణయించి, రొక్కమిచ్చి, శిథిలమును ఇనుప వ్యాపారికి అమ్మివేయుదురు. దానితో కంప్యూటరును, అందలి వ్రాతయు పోవును. కొన్ని నెలలకు మనిషి ఆసుపత్రినుండి లేచి, వకీలు దగ్గరకు పోయి, పరీక్షింపుడనగా పరీక్షించుటకు బండియేది? వినియోగదారుల రక్షణ చట్టము పరీక్ష లేక తేల్చరాని లోపమును ప్రయోగశాలకు పంపు అధికారము కమిషనులకిచ్చినది. 2019 నాటి కొత్త చట్టము తాము అజాగ్రత్తగా లేమని చెప్పినంత మాత్రమున ఉత్పత్తిదారులను పూచీనుండి తప్పించుటలేదు. ఫిర్యాదు తానున్న ఊరిలోనే దాఖలు చేయవచ్చును. గడువు 2 సంవత్సరములు. ఇన్ని సదుపాయములును బండి యున్నప్పుడే పనికివచ్చును. కావున కంప్యూటరులోని వ్రాత చదివించి నకలు పుచ్చుకొనునంతవరకు, అన్ని ప్రక్కలనుండి ఫోటోలు తీయించునంతవరకు, శిథిలమును వదలుకొను కాగితముమీద సంతకము చేయవద్దని పాఠకులకు మా మనవి.

చట్టమున నింకొక వింత గలదు. లోపముగల వాహనములను వెనుకకు పిలువుమని కంపెనీలను ఆజ్ఞాపించు అధికారము మోటారు వాహనముల చట్టము 110-ఏ విభాగము క్రింద కేంద్ర ప్రభుత్వమునకు 2021 ఏప్రిల్ నుండి కలిగినది. ఎప్పుడు? ఆ రకము బండ్ల యజమానులలో నిర్ణీతమైన వంతు ఫిర్యాదు చేసినపుడు. లేక పరీక్షా సంస్థయో, మరి యే మూలమో తెలియజేసినపుడు. కూత చెడిన హారనును గూర్చి ఫిర్యాదులు లెక్కపెట్టవచ్చును. అది దినమునకు పదిమార్లు మ్రోగించునది. ఎయిర్‌బ్యాగు జీవితమున ఒక్కమారు, అదియును కొందరికి మాత్రమే పనిచేయవలసిన వస్తువు. లక్ష బండ్లలో లోపమున్నను దాని నెరుగువారు పదిమందియో, ఇరువదిమందియో. వారిలో కొందరు ఎరిగిన క్షణముననే కన్నుమూయుదురు. చనిపోయినవాడు ఫిర్యాదు వ్రాయడు. ఇట్టి వస్తువునకు వంతుల లెక్క తగదు. "మరి యే మూలమో" అన్న మాటను ప్రభుత్వము పట్టుకొనవలెను. పోలీసువారు ప్రతి ప్రమాదమునందును సంచి తెరుచుకొన్నదా, బెల్టు తాళములో నున్నదా యను రెండు సంగతులను విధిగా వ్రాసి పంపినచో, ఏ రకపు బండి యెన్నిమార్లు మోసగించినదో ఒక్క సంవత్సరములో తేలును.

తెరుచుకొనని సంచియే కాక, తెరుచుకొని చంపిన సంచి చరిత్ర గూడ లోకమున నున్నది. జపానుదేశపు తకాటా కంపెనీ తన సంచులలో అమ్మోనియం నైట్రేటు వాడెను. వేడికిని, తేమకును అది యేండ్లు గడచినకొలది చెడి, సంచి నిండునపుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు తూటాలవలె మనుష్యులకు తగులును. అమెరికాలోనే 20 మందికి పైగా ఇట్లు మరణించిరి. 6 కోట్ల 70 లక్షల డబ్బాలను అచట వెనుకకు పిలువవలసివచ్చెను. 2017లో ఆ కంపెనీ న్యాయస్థానమున నేరమొప్పుకొని దివాలా తీసెను. మన దేశమునందును హోండా మొదలగు కంపెనీలు ఈ కారణముననే లక్షల బండ్లను పిలిపించినవి. వేడియు తేమయు కలిసిన వాతావరణమెక్కడిదని దూరము పోవనక్కరలేదు. మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణములలో అవి రెండును సమృద్ధిగానున్నవి. పాత కార్లు కొనువారు బండి నంబరుతో కంపెనీవారి నడిగి, ఈ మార్పు జరిగినదో లేదో తెలిసికొని కొనుట మంచిది. చాలమంది రంగును, టైర్లను చూచి కొందురు.

ఇక కంపెనీలను నిలదీయు హక్కు మనకు నిలువవలెనన్నచో, మన భాగమును మనము నెరవేర్పవలెను. స్టీరింగు మీద ఎస్.ఆర్.ఎస్. అను మూడక్షరములుండును. వానిలో మొదటిదానికి "అనుబంధము" అని యర్థము. దేనికి అనుబంధము? బెల్టునకు. బెల్టు మనిషిని నిలిపియుంచును. సంచి తలను, రొమ్మును కాపాడును. బెల్టులేనివాడు ముందునకు విసరబడి, నిండుచున్న సంచిమీద పడినచో ఆ సంచియే వానికి దెబ్బ. బండినుండి బయటికి విసరబడినచో ఎన్ని సంచులున్నను నిష్ప్రయోజనము. నటుడును, మాజీ పార్లమెంటు సభ్యుడునగు నందమూరి హరికృష్ణగారు 2018 ఆగస్టు 29వ తేదీ వేకువను నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర తామే కారు నడపుచు ప్రమాదమునకు గురియై బయటికి విసరబడి మరణించిరి. వారు బెల్టు ధరింపలేదని పోలీసువారు తెలిపిరి. నాలుగేండ్లకు ముందు, 2014 డిసెంబరులో, వారి పెద్దకుమారుడు జానకిరామ్ అదే జిల్లాలో రోడ్డు ప్రమాదముననే పోయెను. జూనియర్ ఎన్.టి.ఆర్. తన సభలకు వచ్చిన యభిమానులను చివర "క్షేమముగా ఇండ్లకు చేరుడు" అని వేడుకొనునపుడు అది మర్యాదకు పలుకు పలుకు కాదు. ఆ యింటివారికి ఆ మాట వెల తెలియును.

2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదముల మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో బెల్టు ధరింపనివారు 16,715. అందు దాదాపు సగము నడుపువారు, సగము ప్రక్కనను వెనుకను కూర్చున్నవారు. వెనుకసీటులో బెల్టు ధరించుట పిరికితనమని మనవారి భావన. 2022 సెప్టెంబరులో టాటా సంస్థల మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ పాల్ఘరు జిల్లాలో ప్రాణము కోల్పోయినపుడు ఆయన కూర్చున్నది వెనుకసీటుననే. బెల్టు లేదు. ముందుసీట్ల యందున్న ఇరువురును బ్రతికిరి.

ఇంతకంటె సిగ్గుమాలిన విషయమొకటి గలదు. బెల్టు పెట్టుకొననిచో కారు చేయు కూతను అణచుటకు ఒక చిన్న లోహపు ముక్కను తాళమున దోపి ఊరకుండు వారున్నారు. వానిని అమ్మువారు నున్నారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము అమెజాను, ఫ్లిప్‌కార్టు మొదలగు 5 సంస్థలపై ఉత్తరువు చేయగా, 13,118 అమ్మకపు ప్రకటనలు తొలగింపబడెను. ఇట్టి ముక్క బిగించిన బండిలో బెల్టు పెట్టుకొన్నట్లు కంప్యూటరు వ్రాసికొనును. రేపు వ్యాజ్యము వచ్చినపుడు ఆ తప్పుడు వ్రాతను చూపి కంపెనీ వకీలు వాదించిన మనమేమి బదులు చెప్పగలము? ముందు తగిలించు ఇనుప కమ్ములును ఇట్టివే. దెబ్బ సెన్సారునకు చేరు తీరును అవి మార్చివేయును. వానిని తొలగింపుడని 2017 డిసెంబరులోనే కేంద్రము రాష్ట్రములకు వ్రాసెను. ఇప్పటికిని అవి దర్జాకు గుర్తుగానే చెల్లుచున్నవి.

ఫిల్మ్ నగరువారికొక మాట. నాయకుడు కారును గాలిలో నెగురవేసి, వంతెన దాటించి, అద్దము పగులగొట్టుకొని జుట్టు చెదరక దిగివచ్చు దృశ్యమును మేము ఆక్షేపింపము, అది వినోదము. కాని నాయకుడు నాయికతో షికారుపోవు సామాన్య దృశ్యమునందైనను బెల్టు పెట్టుకొనిన కథకేమి నష్టము? పొగత్రాగు దృశ్యమునకు హెచ్చరిక వేయుటకు అలవాటుపడిన తెర, దీనికి మాత్రము వెనుకాడనేల?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములకు మా కోరిక స్పష్టము. హైదరాబాదు రెడ్‌హిల్సులో నేరపరిశోధనా ప్రయోగశాల యున్నది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. యున్నది. ప్రాణనష్టమో, తీవ్రగాయమో కలిగిన ప్రతి ప్రమాదమునందును బండిని బీమావారి కప్పగింపకమునుపు, కంప్యూటరులోని వ్రాతను ఇట్టి నిష్పక్షపాత సంస్థ చదివి, ఒక ప్రతిని పోలీసువారికి, ఒక ప్రతిని యజమానికి ఉచితముగా నీయవలెను. దానిని చదువు సాధనములను తమ బండ్లమ్ము ప్రతి కంపెనీయు ఆ సంస్థలకు సమకూర్పవలెనని షరతు పెట్టవలెను. బండి రిజిస్ట్రేషను రాష్ట్రముల చేతిలోని పనియే. ఢిల్లీలో కొత్త చట్టము వచ్చునంతవరకు వేచియుండనక్కరలేదు.